యాడికని అడగని ఇల్లు

వీడియో గేముల విషయంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఈ మూడు ఊళ్లలో నన్ను మించినవాడు లేడు. గొప్పకు చెప్పడం లేదు. జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు రాసుకోవలసిన సంగతి కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో పాలు పొంగిపోకుండా నేను ఒక్కసారి కూడా ఆపలేదు కానీ, ప్రపంచం నాశనం కాకుండా వారం వారం ఆపుతూ వచ్చాను. ఈ బొటనవేళ్లతో నేను కూల్చిన శత్రువులను వరసగా నిలబెడితే ఆ వరస మదనపల్లె టమాటా మార్కెట్ యార్డు దగ్గర మొదలై కురబలకోట దాకా పోతుంది. మధ్యలో అంగళ్లు అనే ఊరి దగ్గర వాళ్లకు టీ నీళ్లు చూడాల్సి వస్తుంది. నేను గెలవలేని గేము ఇంకా పుట్టలేదని జహీర్ అంగట్లో కూర్చుని రోజూ ప్రకటించేవాణ్ణి. జహీర్ నా స్నేహితుడు. యార్డుకు పోయే దారిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.

ఆ ప్రకటన మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం దాకా చెల్లింది. ఆ మధ్యాహ్నం భార్గవి అనే అమ్మాయి తాను తయారు చేసిన చిన్న గేము ఒకటి నా చేతికిచ్చింది. అందులో తుపాకీ లేదు, రాక్షసుడు లేడు. ఒక వంటిల్లు, ఒక వాకిలి, దండెం మీద ఒక తువ్వాలు. నేను ఓడిపోయాను. మళ్లీ ఆడి మళ్లీ ఓడిపోయాను. జహీర్ తెప్పించిన టీ మీద మీగడ కట్టింది.

ఎలా ఓడిపోయానో చదివేవాళ్లకు అర్థం కావాలంటే ముందు పుంగనూరులో ఒక ఇంటిని చూడాలి.

అది భార్గవి వాళ్ల ఇల్లు. నాన్న పురుషోత్తం గ్రానైట్ లారీ నడుపుతాడు. అమ్మ మునిరత్నమ్మ. ఉదయం పూట పురుషోత్తం క్యారియర్ అందుకుని చెప్పులు వేసుకుంటాడు. మునిరత్నమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తుంది. ఏ ఊరికి లోడు వేసుకుపోతున్నాడో ఆమె అడగదు, ఆయన చెప్పడు. కుప్పంలో హాస్టల్లో ఉండి చదువుకునే భార్గవి సెలవుకు వచ్చి సంచి దించుతుంది. సెలవైపోతే సంచి ఎత్తుకుంటుంది. తల్లి ఆ సంచి వైపు చూస్తుంది, అంతే. పక్కింటి శాంతమ్మ వీధిలో ఎవరింట్లో గొడవ జరిగినా ఈ ఇంటినే చూపిస్తుంది. "ఆ ఇంట్లో గొంతు లేసింది నేను ఒక్కనాడూ ఇనలా. సంసారమంటే అట్లుండాల" అంటుంది.

శాంతమ్మ అన్నది నిజమే. శ్మశానంలో కూడా ఎవరూ గొంతు లేపరు.

మన వైపు గడప దాటేవాణ్ణి యాడికి అని అడగకూడదు. అడిగితే పోయే పని చెడుతుందంటారు. ఎవరైనా పొరపాటున అడిగితే, పోయేవాడు వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. నన్ను మా వీధిలో అందరూ అడుగుతారు. అందుకే ఏ పనికీ నేను సమయానికి పోయింది లేదు, ఒంట్లో నీళ్లకు మాత్రం ఏనాడూ కొదవ లేదు. చాలా ఇళ్లలో ఇది నవ్వుకుంటూ పాటించే అలవాటు. ఆ ఇంట్లో నవ్వు తీసేసి పాటిస్తారు.

దానికి కారణం ఉంది. పుంగనూరుకు రాకముందు వాళ్లు కుప్పం దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లు. భార్గవికి ఒక అన్న, చేతన్. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మునిరత్నమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతోంది. చేతన్ దండెం మీది తువ్వాలు లాగి, భుజాన వేసుకుని, గడప దాటాడు. యాడికి అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. పోయే బిడ్డను అడగడం మంచిది కాదని మింగేసింది.

ఆ పల్లె పక్కన రాయి తీసి వదిలేసిన క్వారీ గుంత ఒకటి ఉంది. నిలువునా కోసిన బండలు, వాటి మధ్య వాన నీళ్లు. దిగినవాడికి ఎక్కడానికి పట్టు దొరకదు. చుట్టూ కంచె లేదు, లోతు ఇంత అని చెప్పే బోర్డు లేదు. సాయంత్రం వెతకబోయినవాళ్లకు బండ మీద మడతపెట్టిన తువ్వాలు దొరికింది. చేతన్‌ను తర్వాత తీశారు.

"పొయ్యే బిడ్డను నువ్వు అడగను కూడా అడగలా కదమ్మా, నీ వల్ల ఏ చెడూ జరగలా" అని పల్లెలో అందరూ ఆమెను ఓదార్చారు. ఆ ఓదార్పే ఆమెను లోపల్నుంచి తినేసింది. అడిగి ఉంటే గుంత దగ్గరికని చెప్పేవాడు, తాను ఆపేది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. సంసారం పుంగనూరుకు మారింది. అక్కడ ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ దేని గురించీ అడగకుండా ఏళ్లు గడిచిపోయాయి.

భార్గవి దగ్గర మాత్రం తల్లికి చెప్పవలసిన మాట ఒకటి మిగిలిపోయింది. ఆమె పెరిగేకొద్దీ ఆ మాటా పెరిగింది. చెబితే అమ్మ తనను ఇక బిడ్డలా చూస్తుందా, చూడదా. ఆ పిల్ల భయమంతా అదే. కుప్పం నుంచి ఇంటికి వచ్చే బస్సు ఆ గుంత పక్కగా పోతుంది. ఆ మలుపు రాగానే ఆమె రెండో వైపు కిటికీకి తల తిప్పుకునేది. బైరెడ్డిపల్లె దాటేదాకా మెడ మళ్లించేది కాదు.

జహీర్ అంగడికి ఆమె వచ్చింది నాన్న పాత ఫోను పట్టుకుని. ఎప్పుడో పనిచేయడం మానేసిన ఫోను.

"దీంట్లో ఒక రికార్డింగు ఉండాల అన్నా. అది ఒక్కటి తీసిస్తే చాలు."

జహీర్ వెనక మూత ఊడదీశాడు. "బ్యాటరీ ఉబ్బి బోండా మాదిరి అయిపోయిండాది పాపా. బోర్డు బాగుంటే తీస్తా. ఈ పక్కన కూసోనుండేవాణ్ని పట్టించుకోవాకు. ఈ అంగట్లో రిపేరు కానిది వాడొక్కడే."

బోర్డు బాగానే ఉంది. కాసేపటికి ఆ ఫోనులోంచి ఒక పిల్లవాడి గొంతు వచ్చింది.

"దాంకుంటివా పాపా? వస్తాండా... వస్తాండా... వచ్చినా."

పరుగెత్తే కాళ్ల చప్పుడు. ఒక చిన్నపిల్ల నవ్వు. మళ్లీ అదే గొంతు. "అమ్మా, ఇది మోసం సేస్తాంది సూడు."

రికార్డింగు అక్కడితో ఆగింది. జహీర్ చేతిలోని టంకం పెట్టే కడ్డీని స్టాండులో పెట్టాడు. "ఎవురు పాపా?"

"మా అన్న. లేడు."

మామూలు మనిషైతే అప్పుడు ఊరుకుంటాడు. నేను ఊరుకోలేదు. "దీంతో ఏం సేస్తావు?" అని అడిగాను.

"గేములో పెట్టాల."

"గేములోనా? గొంతు పెట్టాలంటే సినిమా తియ్యి. గేమంటే కొట్టాల, గెలవాల."

"అట్లనా. నువ్వు గెలువు సూద్దాం" అని తన ఫోను నా ముందుకు తోసింది.

గేము మొదలవగానే నేను ఒక తల్లినయ్యాను. వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతున్నాను. తెర తాకితే రాయి పడుతుంది, గింజ ఎగిరిపడుతుంది. సంగీతం లేదు. ఆ రాయి చప్పుడు, ఎక్కడో దూరంగా క్వారీ మిషను మోత. ఒక పిల్లవాడు తువ్వాలు లాక్కుని నడిచి పోతాడు. అప్పుడు "యాడికి?" అని ఒక బటన్ వెలుగుతుంది. నొక్కితే పక్కన కూర్చున్న ముసలామె "పొయ్యే బిడ్డను అడగొచ్చునా" అని కసురుతుంది. పిల్లవాడు వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, "ఆడుకునేకి" అని లేచి పోతాడు. నొక్కకపోయినా పోతాడు. ఆ తర్వాత చేసుకోవడానికి బోలెడన్ని పనులు. నీళ్లు తోడవచ్చు, బియ్యం ఏరవచ్చు. ఎండ వాకిట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుగుతూ ఉంటుంది. దండెం మీద తువ్వాలు ఉండిన చోట ఖాళీ. ఆ ఖాళీని తాకితే ఏమీ జరగదు. నేను చాలాసార్లు తాకాను.

"ఇందులో తప్పుండాది" అన్నాను. "పిల్లోణ్ని ఆపేకి దారే లేదు."

"ఇంకా ఉండాది, ఆడు" అంది భార్గవి.

రెండో భాగంలో నేను ఒక చిన్నపిల్లను. అన్న నా ముందు గొంతుక్కూర్చుని అరచేయి చాపాడు. "గుంత కాడికి పోతాండా, ఈత కొట్టేకి. అమ్మకు చెప్పాకు. నామీద ఒట్టు. ఒట్టు తప్పితే నేను సచ్చిపోతా, తెల్సునా."

తెర మీద అతని అరచేయి ఉంది. పక్కన "అమ్మకు చెప్తా" అని బటన్ ఉంది. నేను తెలివైనవాణ్ణి కాబట్టి బటన్ మీద వేలు పెట్టి పట్టుకున్నాను. పట్టుకున్న కొద్దీ ఆ పిల్లవాడి రంగు పోతోంది. ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు. అతని వెనక ఉన్న గోడ అతనిలోంచి కనబడుతోంది. వేలు తీసేశాను. రంగు తిరిగి వచ్చింది, నవ్వాడు. అరచేయి అలాగే చాపి ఉంది. నేను దాని మీద బొటనవేలు పెట్టాను. ఫోను చిన్నగా అదిరింది. పిల్లవాడు లేచి, తువ్వాలు లాక్కుని, గడప దాటాడు.

ఏం చేశానో అప్పుడు తెలిసింది.

"నీకు తెలుసు" అన్నాను. "వాడు యాడికి పోతాండాడో నీకు తెలుసు."

"తెలుసు. చెప్తే సచ్చిపోతాడని చెప్పలా."

పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అడిగితే కొడుక్కు కీడు జరుగుతుందని తల్లి నోరు మూసుకుంది. చెబితే అన్న చచ్చిపోతాడని చెల్లెలు నోరు మూసుకుంది. అతణ్ణి బతికించుకోవడానికే ఇద్దరూ మౌనంగా ఉన్నారు. ఒకరి మౌనం లోపల ఏముందో ఒకరికి తెలియకుండా ఒకే కప్పు కింద అన్ని ఏళ్లు అన్నం తిన్నారు.

"అమ్మకు నోటితోనే చెప్పుకోవచ్చు కదా పాపా" అన్నాడు జహీర్.

"చెప్తే ఇంటాది అన్నా. ఇని, చిన్నబిడ్డవి నీకేం తెల్సులే అంటాది. లోపల ఏమనుకుంటాదో నాకు తెల్దు. సినిమా తీసినా అట్లే, పక్కన కూసోని సూస్తాది. ఇందులో అయితే ఆ ఏలు అమ్మదే. నేను పెట్టిన చోటే అమ్మా పెట్టాల."

నా సైన్యాలన్నీ కురబలకోట దారిలో ఎక్కడివక్కడ కూలబడ్డాయి. అన్నేళ్లు ఆడాను కానీ, నన్ను ఇంకొక మనిషిని చేసిన గేము నా చేతికి అదే మొదటిసారి రావడం. దాన్ని గెలవడానికి చేయలేదు. ఒక పిల్ల నోటితో చెప్పలేనిది చెప్పడానికి చేసింది.

"ఆ చెప్తా బటన్ చివరిదాకా పట్టుకుంటే ఏమైతాది?" అన్నాను.

"తెల్లగా అయిపోతాది. దాని ఎనకాల నేనేమీ పెట్టలా. ఏమయ్యేదో నాకు తెల్దు."

గొంతులు కోసి అతికించడంలో నాకు కొంచెం పేరుంది. ఒకసారి జహీర్ గొంతుతోనే "ఈ పొద్దు రిపేర్లన్నీ ఉచితం" అని తయారు చేసి యార్డులో అందరి ఫోన్లకూ వదిలాను. ఫోన్లతోనే కాదు, టార్చిలైట్లతో, గోడ గడియారాలతో కూడా జనం వచ్చారు. ఒకాయన బోరుమోటారు ట్రాక్టరులో తెచ్చి దించాడు. అందుకే ఆ రికార్డింగులో గరగర తీసి రెండో భాగం మొదట్లో పెట్టే పని జహీర్ నాకే ఇప్పించాడు. భార్గవి గేము ఫైళ్లన్నీ నాకు ఇచ్చి కుప్పం వెళ్లిపోయింది. నేను గరగర తీశాను. గొంతు పెట్టాను. ఉన్న అక్షరదోషాలు కూడా దిద్దాను.

తర్వాతి సెలవుకు భార్గవి ఇంటికి వచ్చినప్పుడు, నేను పూర్తయిన గేమును ఫోనులో వేసుకుని పుంగనూరు పోయాను. పురుషోత్తం గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు.

"గేమా?" అన్నాడు. "గేములాడి చెడిపోయినోళ్లను మా క్లీనరుతో మొదలుపెట్టి శానా మందిని సూసినా. చదువుకోను కుప్పం పంపిస్తే ఇదా ఈ పాప నేర్చుకునింది?"

"ఇది కొట్లాట గేము కాదన్నా. చింతపండు కొట్టే గేము" అన్నాను.

రోడ్డుకు అడ్డం వచ్చిన మేకను చూసినట్టు నన్ను చూసి వెళ్లిపోయాడు.

మునిరత్నమ్మ ఫోను పట్టుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. "నాకివి రావు నాయనా. ఫోనెత్తేది, పెట్టేది, అంతే తెలుసు."

"నువ్వు చింతపండు కొట్టమ్మా, సాలు" అంది భార్గవి.

ఆమె తెర తాకింది. రాయి పడింది. ఇంకోసారి తాకింది. తల ఎత్తకుండానే, "ఇది మన రాయి సప్పుడే. ఫోన్లోకి ఎప్పుడు పట్టితివే దీన్ని?" అంది.

ఆ ఇంట్లో ఎన్నో ఏళ్లకు ఒక మనిషి ఇంకో మనిషిని జవాబు కోసం అడిగిన ప్రశ్న అది. వాళ్లిద్దరూ గమనించలేదు.

తెర మీద పిల్లవాడు తువ్వాలు లాగాడు. "యాడికి?" బటన్ వెలిగింది. మునిరత్నమ్మ వేలు దాని పైన గాలిలో ఆగిపోయింది. అలా ఎంతసేపు ఆగిందో నేను చెప్పలేను. చివరకు నొక్కింది. పిల్లవాడు వచ్చి కూర్చున్నాడు, నీళ్లు తాగాడు. "ఆడుకునేకి" అని లేచాడు.

"అడిగినా చెప్పలా" అని ఆమె తనలో తాను అనుకుంది. "అడిగినా పోతాడా వీడు." వెనక్కి పోయి మళ్లీ అడిగింది. మళ్లీ అడిగింది. ప్రతిసారీ అతను నీళ్లు తాగి పోతూనే ఉన్నాడు. ఆమె భుజాలు కొద్దిగా కిందికి దిగాయి. ఏళ్లుగా బిగబట్టి ఉన్న మనిషి ఊపిరి వదిలినట్టుంది.

రెండో భాగం మొదలైంది. "దాంకుంటివా పాపా? వస్తాండా... వస్తాండా..."

మునిరత్నమ్మ ఫోనును చెవికి పెట్టుకుంది. ఎవరో ఫోను చేస్తే పెట్టుకున్నట్టు. తెర ఆమె చెంపకు ఆని ఉంది. గొంతు ఆగిపోయాక కూడా తీయలేదు. లోపలి నుంచి ఇంకేమైనా వస్తుందేమోనని చూసింది. ఏమీ రాలేదు.

మళ్లీ తెర చూసేసరికి కొడుకు ముందు కూర్చుని అరచేయి చాపి ఉన్నాడు. ఒట్టు అడుగుతున్నాడు. ఆమె "చెప్తా" మీద వేలు పెట్టింది. పాదాలు పోయాయి. మోకాళ్లు పోయాయి. చటుక్కున వేలు తీసేసి ఆ అరచేతిలో పెట్టింది. ఫోను అదిరింది. ఆమె వేలు అక్కడే ఉండిపోయింది.

"నీకు తెల్సునా పాపా?"

"తెల్సు" అంది భార్గవి. "నామీద ఒట్టు అన్నాడు. చెప్తే సచ్చిపోతానన్నాడు. అందుకే..."

మునిరత్నమ్మ ఏమీ అనలేదు. తిట్టలేదు, ఏడవలేదు. భార్గవి ఇన్నేళ్లు భయపడింది ఆ మౌనానికే. ఆ పిల్ల తల్లి చేతుల వైపు చూస్తూ కూర్చుంది.

తల్లి మళ్లీ ఫోను అందుకుంది. మళ్లీ ఆ చోటికి వచ్చింది. "చెప్తా" మీద వేలు ఆనించింది.

"దాని ఎనకాల ఏమీ లేదమ్మా" అంది భార్గవి.

ఆమె తీయలేదు. పాదాలు, మోకాళ్లు, ఛాతీ, నవ్వు, అన్నీ ఒక్కొక్కటే పోయాయి. వెనక గోడ మాత్రం మిగిలింది. ఇక తెర తెల్లబడాలి.

తెల్లబడలేదు. వాకిలి కనిపించింది. చిన్నపిల్ల పరుగెత్తింది. తల్లి చింతపండు వదిలేసి పరుగెత్తింది. కాసేపటికి గడప అవతల తడి తలతో ఒక పిల్లవాడు, భుజం మీద తువ్వాలు.

"అమ్మా, వచ్చినా."

భార్గవి ముఖంలో నెత్తురు లేదు. మునిరత్నమ్మ వెనక్కి పోయి మళ్లీ ఆ బటన్ పట్టుకుంది. "అమ్మా, వచ్చినా." మళ్లీ పట్టుకుంది. "అమ్మా, వచ్చినా." ఆ పట్టపగలు ఆ ఇంట్లో చచ్చిపోయిన పిల్లవాడు మళ్లీ మళ్లీ గడప దాటి లోపలికి వస్తున్నాడు. మళ్లీ మళ్లీ అదే గొంతు, అదే రెండు మాటలు, మాటకూ మాటకూ మధ్య అదే ఎడం.

అప్పుడు ఆమె కూతురి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పుంటే వచ్చేవాడా?"

ఆ ప్రశ్నలో కోపం ఉన్నా బాగుండేది. లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. భార్గవి లేచి గోడకు ఆనుకుంది. నీళ్లలో మునిగేవాళ్లు గాలి కోసం తెరిచినట్టు నోరు తెరిచింది.

"నేను సేయలా అమ్మా. ఆడ తెల్లగా వదిలిపెట్టినా. ఇది నేను సేయలా."

మునిరత్నమ్మ కూతుర్ని చూసింది. ఫోనును చూసింది. దాన్ని ఇంకోసారి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నది. తర్వాత నేల మీద పెట్టింది.

"గొంతు మా పిల్లోడిదే. మాట వాడిది కాదు" అంది. "వాడు ఏనాడూ వచ్చినా అని చెప్పి రాలా. నేరుగా వంటింట్లోకి పొయ్యి సట్టి మూత తీసేవాడు. ఆ సప్పుడుకే నాకు తెలిసేది వాడొచ్చినాడని."

నిదానంగా నా వైపు తిరిగింది. "ఎవురప్పా వాణ్ని ఇంటికి తెచ్చింది?"

నా దగ్గర అబద్ధాలకు ఎప్పుడూ కొరత లేదు. ఫోను పాతదని చెప్పవచ్చు, జహీర్ మీదికి తోయవచ్చు. నోరు కూడా తెరిచాను. బుద్ధి తెలిసిన తర్వాత ఒక అబద్ధం నా గొంతు దాటి బయటికి రాకపోవడం అదే మొదలు.

"నేనేనమ్మా" అన్నాను. "దాగుడుమూతల్లో వెతికేటప్పుడు వచ్చినా అనిన మాట కోసి, అమ్మా అనిన మాటకు అతికించినా. గేములో ఉండిన బొమ్మలతోనే మిగతాది సేసినా. ఆ తెల్లది సూడలేకపోతి. నీకు సంతోషంగా ఉంటాదనుకుంటి."

భార్గవి నన్ను కొట్టి ఉంటే నేను ఇంత వివరంగా రాసేవాణ్ణి కాదు. కొట్టలేదు.

మునిరత్నమ్మ లేచి పోయి గోడ దగ్గర కూతురి పక్కన నిలబడింది. ఆ పిల్ల చేయి తీసుకుని, అరచేయి విప్పి, అందులో తన బొటనవేలు పెట్టింది.

"నువ్వు మంచికే సేసినావు నాయనా, కాదనను" అంది నాతో. "నా కొడుకును ఇంటికి తెచ్చినావు. తెచ్చి నా బిడ్డ మీద నేరం మోపినావు. పాప చెప్పుంటే వాడు వచ్చేవాడని ఈ ఫోను చెప్తాంది. ఎవురికి తెల్సప్పా? ఇది చెప్పుంటే నేను పరిగెత్తేదాన్ని. నేను పొయ్యేలోపల ఏమయ్యేదో. నేను గట్టిగా అడిగుంటే ఏమి చెప్పేవాడో. ఎవురికీ తెల్దు. నా బిడ్డకు తెల్దు కాబట్టే తెల్లగా పెట్టింది. అది నిజం. ఆ ఒట్టు నేనూ ఇప్పుడు ఏసినా, నా ఏలితోనే. ఇంత వయసొచ్చి నాకే చెప్పబుద్ధి కాలా. అంత చిన్నబిడ్డ ఏం చెప్తాది?"

భార్గవి తల్లి భుజంలో ముఖం దాచుకుంది. ఆ ఇంట్లో మొదటిసారి గొంతు లేచింది. గోడ అవతల శాంతమ్మకు కూడా వినబడే ఉంటుంది.

కొంతసేపటికి మునిరత్నమ్మ మళ్లీ మాట్లాడింది. "ఇంక ఈ ఇంట్లో ఒకరి పానం మీద ఒకరు ఒట్టు పెట్టుకునేది లేదు. బయటికి పొయ్యే బిడ్డను అడిగేది తప్పూ కాదు. ఆ మాట వాళ్ల నాయనకు నేనే చెప్తా. ఈ గేము ఆయన సేతికీ ఇస్తా. నువ్వు మాత్రం అది తీసెయ్యప్పా. మా ముందరే తీసెయ్."

వాళ్లిద్దరూ చూస్తుండగా తీసేశాను. మళ్లీ ఆ బటన్ పట్టుకుంటే తెర తెల్లబడింది. ముగ్గురం ఆ తెలుపును చూస్తూ కూర్చున్నాం.

అయ్యా, అమ్మా, ఈ కథ చదివిన పెద్దలారా, అక్షరదోషాలు దిద్దానని మీకు పైన రాశాను. ఆ గేములో దిద్దడానికి ఒక్క దోషం కూడా లేదు. నేను మీతో కూడా అబద్ధమే ఆడాను. మీ బిడ్డలు ఫోనులో చేసే గేమైనా కథే, అది కూడా ఒక మనిషి గుండెలోంచి వచ్చిన కథే. దాన్ని ఆటే కదా అని తేలిగ్గా తీసుకుని, తెలియని చోట నచ్చిన ముగింపు అతికించినవాడు బతికి ఉన్నవాళ్ల మీద నేరం మోపుతాడు. ఆ పని చేసినవాణ్ణి నేనే.